గెస్టుల కోటు

నేను ఒక చలికోటును. రంగు పండుమిరప ఎరుపు, లోపల బాతు ఈకలు, మెడ వెనక టోపీ, నాలుగు జేబులు. మెల్‌బోర్న్ శివార్లలో ఒక ఇంట్లో, వీధి తలుపు వెనక కొక్కేనికి తొమ్మిదేళ్లుగా వేలాడుతున్నాను. మొన్న శుక్రవారం దాకా నన్ను తొడుక్కుని తిరిగినవాళ్లు ఇరవై నలుగురు. ఎవరికోసం నన్ను కొన్నారో ఆ మనిషి మాత్రం ఆ ఇరవై నలుగురిలో లేదు. నా కడుపుమంటంతా అదే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను సణుగుడు కోటు అని తిట్టుకోవద్దు.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక పెద్ద కుట్టు కార్ఖానాలో. ఒకావిడ చేతులు అతికించింది, ఇంకొకావిడ జిప్పు వేసింది, మూడో ఆవిడ గట్టిగా గుంజి చూసి అట్టపెట్టెలో పడేసింది. ముగ్గురికీ చెమటలు కారిపోతున్నాయి. చలి మొహం ఎరగనివాళ్ల చేత చలికోట్లు కుట్టించే లోకం ఇది. అప్పుడే నాకు మనుషుల తెలివి మీద కాస్త అనుమానం వచ్చింది.

ఆ అనుమానం నిజమేనని తేల్చినవాడు గిరిధర్. నరసరావుపేట వాడు, ఇక్కడ రైలు సిగ్నళ్ల కంపెనీలో ఇంజినీరు. అతని భార్య వకుళ, బొబ్బిలి పిల్ల, పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఉద్యోగం. నన్ను కొనడానికి కారణం ఆ పసిపిల్లలే. చలికాలం వచ్చిందంటే సోమవారం ఉదయాన్నే మూడేళ్ల బుడతలు కూడా ఆమె ఒళ్లోకి ఎక్కి, ఆదివారం మంచు కొండ మీద జారామనీ, మంచుతో బొమ్మ చేశామనీ చెప్పి, "నువ్వు చూశావా మంచు?" అని అడిగేవారట. ఈ దేశం వచ్చి మూడేళ్లయినా చూడలేదని చెప్పడానికి వకుళకు సిగ్గేసేది. మంచు కొండ ఇంటికి మూడు గంటల దూరం. పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చు.

కొట్లో ఆమె ఒక ఎర్ర కోటు ఏరి తీసి అద్దం ముందు నిలబడింది. మొదట తీసుకున్నది నన్ను కాదు, నా చెల్లెల్ని. అదే రంగు, ఒక సైజు చిన్నది. వకుళ ఒంటికి కొలిచి కుట్టినట్టు ఉంది. అప్పుడు గిరిధర్ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఒక సైజు పెద్దది తీసుకో. ఎవరైనా వస్తే వాళ్లకీ పనికొస్తుంది కదా."

తెలుగువాళ్లను తొమ్మిదేళ్లు దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈ మాట వాళ్ల రక్తంలో ఉంది. పిల్లవాడికి చొక్కా కుట్టిస్తే వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలి. గిన్నె కొంటే ఇంట్లో ఇద్దరున్నా ఇరవై మందికి సరిపడేది కొనాలి. అందరికీ పనికొచ్చేలా కొన్న వస్తువు చివరికి సొంతవాళ్లకే పనికిరాకుండా పోతుందని ఎవరూ ఆలోచించరు. వకుళ కూడా ఆలోచించలేదు. చెల్లెల్ని మళ్లీ చువ్వకు తగిలించి నన్ను ఇంటికి తెచ్చింది. నాలో ఆమె చేతులు వేళ్ల చివరల దాకా మునిగిపోయాయి.

"వచ్చే శనివారం వెళ్దాం," అన్నాడు గిరిధర్.

ఆ వచ్చే శనివారం లోపల సాంబశివరావు దిగాడు. గిరిధర్‌కు మేనబావ. పొట్టి చేతుల చొక్కా, కాళ్లకు చెప్పులు. మన దేశంలో అందరూ డిసెంబరులో టీవీ ముందు కూచుని ఇక్కడి క్రికెట్ మ్యాచ్ చూస్తారు. ఆటగాళ్లకు చెమటలు, జనానికి నల్లకళ్లద్దాలు. అదంతా చూసి ఆస్ట్రేలియా అంటే ఏడాది పొడుగునా ఎండేనని తీర్మానించేసుకుంటారు. తీరా వాళ్లకు సెలవులు దొరికేది మే, జూన్ నెలల్లో. సరిగ్గా అప్పుడే ఇక్కడ పళ్లు టకటకలాడే చలి. సాంబశివరావు ఎయిర్‌పోర్టు బయటికి వచ్చి రెండు అడుగులు వేసి ఆగిపోయాడు.

"ఇదేం దేశంరా బాబూ, ఫ్రిజ్జులో పెట్టినట్టుంది!"

వకుళ ఒంటిమీది స్వెటరు సర్దుకుంటూ, అన్నయ్యగారికి చలేస్తోందని తానే నన్ను తెచ్చి ఇచ్చింది. పది రోజుల తర్వాత ఆయన విమానం ఎక్కేముందు నన్ను తిరిగి ఇచ్చాడు. నా జేబుల్లో వక్కపొడి, రెండు బస్సు టిక్కెట్లు, సగం కొరికిన మురుకు. ఆ తర్వాతి శనివారాలన్నీ ఏదో ఒక పనికి పోయి, చలికాలం అయిపోయింది.

ఆ మరుసటేడు ఇంకొకరు, ఆ పై ఏడు ముగ్గురు. ఒక లెక్చరరు గారు వచ్చారు. ఈ ఇంట్లో ఎప్పుడైనా గుడ్డు ఉడికించారేమోనని తన కుక్కరు తానే తెచ్చుకున్న నిష్ఠాపరుడు. ఆయన నన్ను తొమ్మిది రోజులు ఒంటిమీద నుంచి తీయలేదు, సంధ్యావందనానికి తప్ప. నా కడుపులో ఎన్ని బాతుల ఈకలున్నాయో ఎవరూ ఆయనకు చెప్పలేదు. నేను చెప్పలేను. నా కష్టాలన్నిటికీ మూలం అదే, నాకు నోరు లేదు.

వచ్చినవాళ్లందరినీ పెంగ్విన్ పిట్టల దగ్గరికి తీసుకువెళ్లాలి. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో అది ఒక మొక్కుబడి. రెండు గంటలు కారు నడిపి, సముద్రపు గాలిలో చెక్కబల్లల మీద గడ్డకట్టుకుపోతూ కూచుంటే, పొద్దుగూకేవేళకు జానెడేసి పిట్టలు నీళ్లలోంచి వచ్చి బుడిబుడి నడకలతో గూళ్లకు పోతాయి. ఫోటోలు తీయనివ్వరు. వచ్చినవాళ్లు, "ఇంతేనా?" అంటారు. నేను పద్నాలుగుసార్లు చూశాను. పద్నాలుగుసార్లూ వకుళ పక్కనే పలచటి స్వెటరుతో, చంకలో పులిహోర డబ్బాతో కూచుంది.

ఆమె అడగలేదా అంటే అడిగింది. ప్రతి ఏడూ ఒకసారి అడిగేది. గిరిధర్ చెడ్డవాడు కాదు, ఆ సంగతి నేను ఒప్పుకోవాలి. ప్రతిసారీ నిజంగానే ఒప్పుకునేవాడు, నిజంగానే మరిచిపోయేవాడు. ఇంకో కోటు కొనుక్కుంటానంటే మాత్రం, "ఒకటుందిగా, రెండోది ఎందుకు?" అనేవాడు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఈ దంపతులకు బోలెడు తీరిక ఉంటుందని చుట్టాలందరికీ గట్టి నమ్మకం. ఆ మాట వకుళ మొహం మీదే అన్నవాళ్లున్నారు. "మీకేం, ఇద్దరే. పనేముంటుంది?" అని. అలా అన్న ఒకావిడ ఒంటిమీద అప్పుడు నేనున్నాను. నా జిప్పు ఆవిడ గడ్డం కింద చర్మం పట్టేలా పైకి లాగే శక్తి నాకు లేకపోయిందే అని ఏడ్చాను.

ఈ ఏడాది వకుళ గట్టిపడింది. మన దేశంలో బడులు తెరిచాక, చుట్టాల రాకలన్నీ అయిపోయాక, జూలై ఆఖరు శుక్రవారానికి ఇద్దరికీ సెలవు పెట్టించింది. "ఈసారి మనిద్దరమే," అని గిరిధర్ చేత మూడుసార్లు అనిపించుకుంది. శనివారం నన్ను ఉతికి ఆరేసి, ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్క ఎండలో కూచుని నా చేతుల చివరలు లోపలికి మడిచి కుట్టింది. ప్రతి నాలుగు కుట్లకూ తొడిగి చూసుకునేది. మణికట్టు దగ్గర సరిగ్గా ఆగేదాకా విప్పి మళ్లీ కుట్టింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి నేను ఎవరిదాన్నో నాకు తెలిసింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ సాయంత్రమే గిరిధర్ బాబాయి ఫోన్ చేశాడు. ఆయన వియ్యంకులు, అంటే కూతురు లహరి అత్తమామలు, సిడ్నీలో మేనల్లుడి ఇంటికి వచ్చారట. గురువారం మెల్‌బోర్న్ వచ్చి నాలుగు రోజులు ఉంటారట. గిరిధర్ ఫోన్‌లో నవ్వుతూ అన్నాడు.

"తప్పకుండా రమ్మనండి బాబాయ్. శుక్రవారం మేం మంచు కొండకి వెళ్తున్నాం, వాళ్లనీ తీసుకెళ్తాం."

వకుళ వంటింట్లోంచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"నన్ను ఒక్క మాట అడిగారా?"

"అడగడానికేముందే? వియ్యాలవారు. ఏమైనా తేడా వస్తే అక్కడ లహరిని మాటంటారు. పాపం ఆ పిల్ల కాపురం చూడొద్దా?"

"పెంగ్విన్లని చూపించండి వాళ్లకి. మంచు ఇంకోసారి చూస్తారు."

"చెప్పేశాను కదే ఇప్పుడు! పెద్దవాళ్లు, ఆశ పడతారు. కారులో చోటుందిగా, నలుగురం వెళ్దాం. నీకేం తగ్గింది?"

ఆమె చూపు నావైపు తిరిగింది. ఏం తగ్గిందో నాకూ ఆమెకూ తెలుసు.

గురువారం సీతారామాంజనేయులు గారు తన సొంత కోటుతోనే దిగారు, మేనల్లుడు కొనిచ్చాడట. ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు మాత్రం పట్టుచీర మీద శాలువా కప్పుకుని వణుకుతూ వచ్చింది. గిరిధర్ నన్ను ముందే కారులో పెట్టుకుని వెళ్లాడు. భార్యను అడగలేదు. తొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే కొక్కెం మీదికి పోయింది.

శుక్రవారం పొద్దున్న బయల్దేరేముందు, ముందురోజులా ఊరికే భుజాల మీద కప్పుకోకుండా, ఆవిడ నాలో చేతులు దూర్చి మొహం చిట్లించింది.

"మంచి కోటేనమ్మాయ్, కానీ చేతులకాడ మరీ పొట్టిగా ఉంది. ఎవరో లోపలికి మడిచి కుట్టారు చూడు. ఎవరిదే ఇది?"

చెప్పు, చెప్పు తల్లీ, అని నేను లోపల గింజుకున్నాను. నాదేనండీ, నేనే కుట్టుకున్నానండీ అని ఒక్క మాట చెప్పు. గిరిధర్ కారు తాళాలు వెతుకుతున్నాడు. వకుళ సొరుగు దగ్గరికి నడుస్తూ అంది.

"ఎవరిదీ కాదు పిన్నిగారూ. గెస్టుల కోటు."

సొరుగులోంచి కత్తెర తెచ్చి, ఆవిడ చేతుల దగ్గర వంగి, ఆదివారం వేసిన కుట్లన్నీ ఒక్కొక్కటే తెంపింది. దారం ముక్కలు నేలమీద ఏరి చెత్తబుట్టలో వేసింది. తను మామూలు స్వెటరు మీద గిరిధర్ పాత రెయిన్‌కోటు తొడుక్కుంది. ఇంతకాలం ఇతరులు నన్ను లాక్కున్నారని ఏడ్చాను. ఆ రోజు ఆమే నన్ను ఇచ్చేసింది. దాన్ని మాత్రం నేను ఓర్చుకోలేకపోయాను.

మూడు గంటలు ప్రయాణం చేశాం. కోటేశ్వరమ్మ గారు దారి పొడుగునా కోడలి వంట గురించి మాట్లాడింది. వకుళ అందరికీ ఇడ్లీలు అందిస్తూ, మధ్యమధ్య ఊ కొడుతూ కిటికీలోంచి చూస్తూ ఉంది. చెట్ల మీద మొదటి తెలుపు కనిపించగానే మాట ఆపేసి అద్దానికి అరచెయ్యి ఆనించింది. ఎవరూ గమనించలేదు.

కొండ మీద కారు దిగారు. కోటేశ్వరమ్మ గారు నాలుగు ఫోటోలు దిగింది. భర్తతో ఒకటి, ఒంటరిగా రెండు, గిరిధర్ చేతిలోని మంచు ముద్దతో ఒకటి. అన్నిటిలోనూ నేనున్నాను. అవన్నీ వకుళే తీసింది. పదిహేను నిమిషాలు గడిచాయో లేదో ఆవిడ ముక్కు ఎర్రబడింది.

"చాల్లేవయ్యా, చూసేశాం కదా. ఇంక కారులో కూచుందాం. కాళ్లు కొయ్యబారిపోతున్నాయి."

గిరిధర్ పరిగెత్తి హీటరు వేశాడు. ఆవిడ కారు ఎక్కబోతూ, ఈ బరువు కారులో ఎందుకని నన్ను విప్పి వకుళ చేతిలో పెట్టింది. వకుళ అలవాటు ప్రకారం నన్ను మడిచి చేతిమీద వేసుకుంది. కారు తలుపులు మూసుకున్నాయి. గిరిధర్ అద్దం దించాడు.

"రా వకుళా, బయల్దేరదాం. కిందికి దిగితే కాఫీ దొరుకుతుంది."

ఆమె కదలలేదు. పెదాలు నీలంగా మారాయి. రెయిన్‌కోటు తీసి కారు డిక్కీ మీద పెట్టింది. నా మడత విప్పి, ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి దూర్చి, జిప్పు మెడదాకా లాగింది. కారుకు వీపు తిప్పి పిల్లలు జారుతున్న వాలు వైపు నడిచింది. మోకాళ్ల దాకా మంచు. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో బాతు ఈకల్లోంచి నాకు వినిపించింది.

హారన్ మోగింది. నడుస్తూనే ఉంది. మళ్లీ మోగింది. చివరికి గిరిధర్ జారుతూ, తూలుతూ వెనకాల వచ్చాడు.

"ఏమిటే ఇది? వాళ్లు ఎదురుచూస్తున్నారు."

"చూడనివ్వండి."

"పెద్దవాళ్లే! ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనివ్వండి. వాళ్లకి హీటరుంది, ఇడ్లీలున్నాయి. మీరు వెళ్లి కూచోండి, లేదా నాతో రండి. నేను మాత్రం ఇప్పుడే రాను. మంచు చూడటానికి వచ్చాను."

ఆమె గొంతు అంత మెల్లగా పలకడం గిరిధర్ ఎప్పుడూ వినలేదు. కారు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఏదో ఒక మాట చెప్పి తీరాలనిపించింది కాబోలు. నా కింది అంచుకు అంటుకున్న మంచు చూసి, నిజమైన కంగారుతో అన్నాడు:

"సరే, కానీ జాగ్రత్తే. ఆ గెస్టుల కోటు తడిసిపోతుంది."

వకుళ అతని మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత రెండు చేతులూ చాచి, నిలబడ్డచోటే కావాలని మంచులో వెల్లకిలా పడింది.