చిన్నమ్మి అడకత్తెర

తామ్వే పేటలో చిన్నమ్మి బాల్కనీ చూసి ముచ్చటపడని మనిషి లేడు. అన్ని కుండీల్లోకీ ఆమె ప్రాణం మాత్రం ఆ మనీప్లాంట్. అహ్లోన్ పేటలోని పుట్టింట్లో వాళ్లమ్మ పెంచిన తీగ అది. ఎప్పుడూ నిండు పచ్చగా ఉండే ఆకులకు ఈ వానాకాలం పసుపు మచ్చలొచ్చాయి. ఇంకేముంది, చిన్నమ్మి కాళ్లు నేల మీద నిలవలేదు. కొత్త రకమని వీధంతా చాటింది. నడుముకి దోపుకున్న అడకత్తెరతోనే వక్కలూ కత్తిరించింది, తీగ ముక్కలూ కత్తిరించింది. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ పంచింది. అదే ఊపులో మిగతా కుండీల్లో కొమ్మలూ తుంచింది.

ఒక్క మణిమాలకు మాత్రం ఇవ్వలేదు. కోవెల సంతర్పణలో తన పులిహోరలో ఉప్పెక్కువైందని నలుగురిలో అన్న మనిషికి ఎలా ఇస్తుంది? మణిమాల ఇంటికొచ్చి ఆ మచ్చల తీగ ముక్క అడిగినా, "నీ నోటికి మొక్కలు బతకవులే" అని పంపేసింది.

నెల తిరిగేసరికి ఆకులు ముడుచుకుపోయాయి. పక్క కుండీలకూ మచ్చలు పాకాయి. కోడలు పద్మిని ఓ ఆకుని కవర్లో పెట్టి, మొక్కల దుకాణం నడిపే డా ఖిన్ అనే ఆవిడకి చూపించి వచ్చింది.

"అత్తా, కొత్త రకం కాదంట. వైరస్ అంట. మందు లేదు, పీకి పారేయాలంట. నీ అడకత్తెరే అన్నిటికీ అంటించుంటాదంట."

"నా అడకత్తెర ఏటి సేసిందే!" అని ఎగిరిపడిన చిన్నమ్మి, తీగ వైపు చూసి బావురుమంది. అమ్మ గుర్తుగా మిగిలిన ఒక్క తీగ. పంచిన ఇళ్లలోనూ అవే మచ్చలట.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ బతికున్న రోజుల్లో తన చేత్తో మణిమాలకు ఇదే తీగలో ఓ ముక్క ఇచ్చింది. చిన్నమ్మి అహం మింగుకుని బయల్దేరింది.

మణిమాల కిటికీ నిండా మచ్చలేని పచ్చటి తీగ. చూడగానే చిన్నమ్మి గుండె కుదుటపడింది.

"ఏటే, ఇప్పుడు తెలిసిందా మా ఇంటి దారి?"

"తప్పయిపోనాది మణీ. నీకు ఇవ్వకపోడమే మంచిదయింది. మాయమ్మ తీగ నీ కాడే బతికుంది. ఒక్క ముక్క ఇయ్యే."

మణిమాల పకపకా నవ్వింది. "వీధందరికీ ఇస్తాను. కోసేది మాత్రం నేనే, కడిగిన చాకుతో. పద్మిని అంతా సెప్పింది. ఆ అడకత్తెర బయట ఒగ్గేసి, చేతులు కడుక్కుని రా. మరి పులిహోర మాటేటి?"

చిన్నమ్మి అడకత్తెర తీసి గడప అవతల పెట్టింది.

"ఉప్పు ఎక్కువేనే," అంది.