పుట్టింటి చాప

సభ జరుగుతున్నంతసేపూ మగ్గాలు ఆపాలి. అది కోటలో మా నేతసాల నియమం. నేతసాలకూ సభకూ మధ్య ఒక్క చెక్కగోడే ఉంది. చెక్కల సందుల్లోంచి మంత్రుల దగ్గు కూడా వినిపిస్తుంది. అందుకే మా రాజ్యం మూంగ్ ఫాన్‌లో ఏ సంగతైనా ఊరందరికంటే ముందు మాకు తెలిసేది.

సభలో కుడివైపు మూల ఒక చాప పరిచి ఉండేది. పరాయి దేశం నుంచి వచ్చిన రాణికి వేసే చాప అది, పుట్టింటి చాప అంటారు. ఆమె పుట్టిన దేశం మాట వస్తే, ఆ చాప మీది నుంచి ఆమె చెప్పేది విన్నాకే తీర్పు. మా రాణి కమ్‌వేన్ నది అవతలి సియెంగ్ నామ్ రాజుకు చెల్లెలు. అక్కడి ఉప్పుబావుల కోసం దండు పంపాలని మంత్రి సేన్‌లువాంగ్ ఏటా లేచేవాడు. ఏటా ఆ మూల నుంచి ఒక మెత్తటి గొంతు వచ్చేది.

"బావులు తీసుకోండి మంత్రిగారూ, కాదనను. కానీ ఉప్పు మోసే ఎడ్లు మా అన్నవి, దారి మా అన్నది. మీరు మూట నెత్తిన పెట్టుకుని నది ఈదుతారా?"

గోడకు ఇవతల మేం నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వేవాళ్ళం. అవతల రాజుగారు కూడా నవ్వేవారు. దండు మాట మళ్ళీ ఏడాదికి వాయిదా పడేది.

బయట మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. అంగడిలో ఎండుచేపలు అమ్మే బున్‌మీ రోజూ ఆవిణ్ణి ఆడిపోసుకునేది. "రాజుని తన సిన్ అంచుకి ముడేసుకుని తిరుగుతోంది నది అవతలిది! మన మగాళ్ళ చేతులకి గాజులు తొడిగింది!" అనేది. అంగడి వెనకే ఇంట్లో క్షేమంగా నిద్రపోతున్న ఆమె కొడుకు ఆ అరుపులకు లేచి, ఏంటమ్మా గోల అని విసుక్కునేవాడు.

సిన్ అంటే మేం నడుముకు చుట్టుకునే గుడ్డ. దాని కింది అంచును చూస్తే మనిషిది ఏ దేశమో తెలుస్తుంది. మాది ఎర్రటి కొక్కేల వరుస. సియెంగ్ నామ్ వాళ్ళది నీలం అలలు. రాణిగారు వచ్చినప్పటి నుంచీ అలల అంచే కట్టుకునేవారు. అది చూసినప్పుడల్లా జనానికి ఒళ్ళు మండేది.

ఒక ఏడాది వానలకు ముందు దండు మాట మళ్ళీ లేచింది. ఈసారి సభలో ఎక్కువమంది మంత్రి వైపే మాట్లాడారు. ఇంటికొక మగవాడు రావాలన్నారు. మా ఇంట్లో ఉన్నది మా అన్న ఇన్‌తా ఒక్కడే. అమ్మ పోయాక నన్ను వాడే పెంచాడు. ఆ రోజు మగ్గం ముందు కూర్చున్నానే గానీ పోగు కూడా కదపలేకపోయాను.

మర్నాడు రాజుగారు రాణిగారిని వెంటబెట్టుకుని నేతసాలకు వచ్చారు. ఎప్పుడూ రానివారు. మేమంతా నేలకు వంగి కూర్చున్నాం.

"కమ్‌వేన్, ఒక్క అంచు మార్చుకో," అన్నారు. "వాన పండగనాడు మన కొక్కేల అంచు కట్టుకుని జనానికి కనబడు. వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. దండు సంగతి నేను ఆపుతాను."

"ఆపుతానని నన్ను చూసి చెప్పండి."

రాజుగారు నా మగ్గం వైపు చూశారు. "ఆపుతాను," అన్నారు.

ఆయన వెళ్ళాక రాణిగారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఇంతేనా! మా దేశంలో పెళ్ళైన నెలకే కోడళ్ళు అత్తింటి అంచు కట్టుకుంటారు. మా అమ్మ నేసిచ్చినవి చిరిగేదాకా కడదామని నేనే ఆగాను. చన్‌పెంగ్, నువ్వు నేస్తావా?"

నా పేరు ఆవిడకు తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు. తలూపాను. మా నేతసాల పెద్ద సోమ్‌చీన్ పెద్దమ్మ పోగు దూర్చే నాడె చేతిలో పట్టుకుని రాణిగారి వంక ఒక్క క్షణం వింతగా చూసింది. మళ్ళీ నేతలో పడింది.

నేను అంత ఇష్టంగా ఎప్పుడూ నేయలేదు. సాయంత్రం జిగురన్నం ఉండ చేసి మిరపపచ్చడిలో అద్దుకుంటూ అన్న ఏడిపించేవాడు. "కొక్కేలు గట్టిగా నెయ్యవే పిల్లా. నన్ను ఇంట్లో దూలానికి తగిలించేది అవే."

పండగనాడు రాణిగారు ఎర్ర అంచు కట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. జనం కేకలు వేశారు. బున్‌మీ అందరినీ తోసుకుంటూ వెళ్ళి ఆ అంచు కళ్ళకద్దుకుంది.

తర్వాతి సభ రోజు మేం మగ్గాలు ఆపి గోడకు చేరాం. సందులోంచి చూస్తే మూల ఖాళీగా ఉంది. చాప చుట్టి స్తంభానికి ఆనించారు. రాణిగారు దాని పక్కన నిలబడి ఉన్నారు.

"నా చాప ఎవరు తీశారు?"

సేన్‌లువాంగ్ చాలా వినయంగా చెప్పాడు. "మీరే తీయించారు తల్లీ. మన అంచు కట్టుకున్న రోజే మీకు పుట్టిల్లు తీరిపోయింది. ఇప్పుడు మీరు మా ఇంటి ఆడపడుచు. నది అవతల మీకు అన్న లేడు. లేని అన్న తరఫున ఏం మాట్లాడతారు?"

"ప్రభూ!"

రాజుగారు ఆవిణ్ణి చూడకుండా, దండు మాట కానివ్వమని మంత్రికి సైగ చేశారు. దండుకు ముందు రాణిగారి కొడుకు, యువరాజు సెంగ్‌మూంగ్ నడవాలని కూడా ఆ సభలోనే తేల్చారు. రాణి మనసు ఇటే ఉందని లోకానికి తెలియాలి కదా అన్నాడు మంత్రి.

రాణిగారు తిన్నగా మా దగ్గరికి వచ్చారు. "మీ అందరికీ ఈ సంగతి తెలుసా?"

సోమ్‌చీన్ పెద్దమ్మ నాడె కింద పెట్టింది. "చంటిపిల్లలక్కూడా తెలుసు తల్లీ. మీరు తెలిసే చేస్తున్నారనుకున్నాం. అందరికీ తెలిసినదాన్ని వేరే చెప్పాలని తోచలేదు." నాకూ తెలుసు, రాజుగారు ఆపుతానన్నారు కదా అని నేను చాప మాటే తలవలేదు.

"చంటిపిల్లలకి తెలిసింది నాకు చెప్పే మనిషే లేడు," అని రాణిగారు నవ్వారు. "నా జుట్టు నెరిసింది ఇక్కడే."

ఆ నవ్వు ఆగాక నా ముఖం చూశారు. "నీవాళ్ళెవరైనా వెళ్తున్నారా?"

అన్న సంగతి చెప్పాను. మాలో యుద్ధానికి వెళ్ళే కొడుక్కి తల్లి తన సిన్ అంచు ముక్క కోసి చొక్కాలో కుడుతుంది. తల్లి పాదాల మీద ఆడిన గుడ్డను దాటి కత్తి దిగదంటారు. మా అమ్మ సిన్ అమ్మతోనే చితి మీద కాలిపోయింది. అన్నకు కుట్టడానికి ఏమీ లేదని చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

రాణిగారు పెట్టె తెరిచి, వాళ్ళమ్మ నేసిన అలల అంచు ఒకటి కత్తిరించారు. "ఇది కుట్టు. ఎదుటివాడు ఈటె ఎత్తితే చొక్కా విప్పి చూపించమను. మా ఆడబిడ్డ గుడ్డ మీద ఆయుధం దించినవాణ్ణి మావాళ్ళు ఇంట్లోకి రానివ్వరు. సభలో చెల్లకపోయినా నా మాట అక్కడ ఇంకా చెల్లుతుంది."

సంగతి ఎలా పాకిందో తెలియదు. కోట మధ్యాహ్నం కునుకు తీసే వేళ వెనక గుమ్మం దగ్గరికి తల్లులు ఒక్కొక్కరే రాసాగారు. రాణిగారు ఎవరినీ ఏమీ అడగకుండా కోసి ఇచ్చేవారు. ఒక్కో సిన్‌కూ అంచు పోయి మొండి గుడ్డ మిగిలేది. చివరికి ఒకే ఒక్క ముక్క దాచారు.

ఆ ముక్క ఇవ్వడానికి యువరాజును పిలిపించారు. అతను దాన్ని ముట్టుకోలేదు.

"చిన్నప్పటి నుంచీ నన్ను సగం నదివాడంటున్నారమ్మా. ఇప్పుడు దండు ముందు నడుస్తూ శత్రువు గుడ్డ చొక్కాలో దాచుకోనా? నన్ను నవ్వులపాలు చెయ్యకు. నీ కొత్త అంచు కోసి కట్టు. చేతి మీద, అందరికీ కనబడేలా."

కట్టారు. నేను నేసిన కొక్కేలే. కత్తెర నేనే అందించాను.

అతను వెళ్ళగానే వెనక గుమ్మంలో బున్‌మీ ప్రత్యక్షమైంది. "నాకోసం కాదు తల్లీ. మా పక్కింటామె కొడుక్కి."

"మరి నీ కొడుక్కి?"

బున్‌మీ తల వంచుకుంది. "వాడికే తల్లీ."

రాణిగారు ఆ చివరి ముక్క ఆమె చేతిలో పెట్టారు.

దండు ఉప్పుబావులదాకా వెళ్ళింది, ఒక్క బావి కూడా దక్కకుండా తిరిగి వచ్చింది. మగవాళ్ళు చాలామంది తిరిగి వచ్చారు. అన్న వచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చుని, నన్ను చూడకుండా చెప్పాడు.

"ఒక ముసలివాడు నా మీదికి ఈటె ఎత్తాడే. చొక్కా విప్పాను. ఆ అలలు చూసి దించేశాడు. 'ఇంటికి పోరా,' అన్నాడు. మన నాన్నలాగే అన్నాడు. తర్వాత యువరాజు వైపు తిరిగాడు. ఆయన చేతి మీద కొక్కేలు చూశాడు."

అక్కడితో ఆపి పొయ్యిలోకి కట్టె తోశాడు.

తల్లులు ఆ ముక్కల్ని పొయ్యిల్లో వేసి కాల్చేశారు. శత్రువు గుడ్డ ఇంట్లో ఉందని తెలిస్తే ముప్పని భయం. అంగడిలో బున్‌మీ చేపలు తూస్తూ, "చూశారా, కన్నకొడుకుని నదివాళ్ళకి బలిచ్చింది. చితి దగ్గర కంటతడి పెట్టిందా? మన రక్తం అయితే కదా!" అంటోంది. పక్కనే ఆమె కొడుకు బుట్టలు సర్దుతున్నాడు.

యువరాజు చితి చల్లారాక రాణిగారు నేతసాలకు వచ్చి నా మగ్గం పక్కన కూర్చున్నారు. ముక్క కోసిన చోట తెగిన అంచుతో ఆ కొక్కేల సిన్నే కట్టుకుని ఉన్నారు. ఆవిడకు అంచున్న సిన్ ఇంకొకటి లేదు.

"వేరే అంచు నెయ్యనా అమ్మా?" అన్నాను. అడగకుండా నేను ఆవిడతో మాట్లాడటం అదే మొదలు.

"ఏ దేశందని నేస్తావు?" అన్నారు.

గోడ అవతల సభ గంట మోగింది. మేం మగ్గాలు ఆపాం.