బండిని మట్టంగా నిలపమన్నది నేనే

నేను ఒక థర్మోస్టాట్‌ని. పేరు విని బెదరకండి, చేసే పని చాలా చిన్నది. గదిలో చలెక్కువైతే హీటర్‌ని వెలగమంటాను, వేడెక్కువైతే ఆగమంటాను. నా పొట్టలో చలికీ వేడికీ అటూ ఇటూ ఒరిగే ఒక గాజు గొట్టం, అందులో పాదరసపు బొట్టు. బొట్టు ఇటు దొర్లితే మంట, అటు దొర్లితే విశ్రాంతి. నా చదువంతా ఇంతే. ఏడుపు ఆపుకుని చెబుతున్నాను, వినండి.

ఏదో చలిదేశంలో ఇంటి గోడ కోసం పుట్టాను. ఓడ సామానుతో పాటు తుక్కుగా వచ్చి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో పడ్డాను. నాంచారయ్య నన్ను చూసింది అక్కడే. వయసంతా లారీ తోలి, కాశ్మీరు నుంచి ఆపిల్ లోడ్లు తెచ్చిన మనిషి. ఆయన చెప్పే మంచు కబుర్లు వినీ వినీ భార్య తిరపతమ్మ, "కబుర్లు చాలుగానీ, ఈసారి నన్నూ ఎక్కించుకో" అందట. దాంతో పాత బస్సొకటి కొని, లోపల మంచం, వంటగట్టు, గ్యాస్ హీటర్ పెట్టించి దాన్ని ఇల్లు చేశాడు. చలి తగిలితే ఆమె వేళ్లు తెల్లగా పాలిపోయి, కొయ్యబారి, ఏడిపించేవి. ఆమెకి చలి తగలనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అందుకే నేను.

నన్ను బిగించింది సుభాని, ఆటోనగర్ ఎలక్ట్రీషియన్. బిగించి మురిసిపోయాడు కూడా. ఇంటి గోడ కదలదు, బస్సు గోడ ఊరికో తీరున ఒరుగుతుందన్న ముక్క ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. బండికి చక్రాలున్నాయని బండి కొన్నవాళ్లే మర్చిపోతారు, ఏం చెయ్యను!

కొండల్లో బండి ఓ పక్కకి ఒరిగితే నా పాదరసమూ ఒరిగేది. ఒకచోట హీటర్ ఎంతకీ వెలగదు, ఇంకోచోట ఎంతకీ ఆరదు. తిట్లు మాత్రం నాకు. "దీని దుంపతెగ! గ్యాసంతా తగలేస్తంది" అనేవాడు నాంచారయ్య. చివరికి కిటుకు కనిపెట్టాడు. ఎక్కడ ఆపినా ముందు కిందికి దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పళ్లెంలో నీళ్లు పోసి చూసుకుంటూ బండిని మట్టంగా నిలిపేవాడు. దిగిన లారీ మనిషి ఊరికే ఎక్కుతాడా? చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసేవాడు. తలుపుకి అవతలి పక్క హీటర్ పొగ పోయే గొట్టం ఉంది. దాని మూతి దగ్గర పేరుకున్న మంచుని చేత్తో తోసేసేవాడు. మంచు జోరుగా పడితే నేల కుంగి నా బొట్టు మళ్లీ ఒరిగేది. ఆయన తిట్టుకుంటూ మళ్లీ దిగేవాడు, మళ్లీ ఆ మూతి తుడిచేవాడు.

"ఆ రాళ్లు మొయ్యలేక చస్తన్నావ్, మోకాళ్లు చూసుకోవయ్యా. ఆ దరిద్రాన్ని పీకేయించి కొత్తది పెట్టిచ్చు" అంది తిరపతమ్మ, ఊరొచ్చాక. ఆ మోకాళ్లకి రోజూ నూనె రాసేది ఆమే మరి. నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

సుభాని నన్ను పీకి, నా చోట అద్దంలాంటి పలక బిగించాడు. "ఇక బండి ఎటొరిగినా పనిచేస్తది బాబాయ్. బజార్లో ఉండి కూడా ఫోన్లో వేడి పెంచుకోవచ్చు" అన్నాడు. నన్ను పారెయ్యడానికి నాంచారయ్యకి చేతులు రాలేదు. మంచం కింద సొరుగులో, పాత స్పానర్ల పక్కన పెట్టాడు.

మరుసటి చలికాలం మనాలి పైన ఒక కొండవాలులో బండి ఆపారు. రాళ్లు లేవు, పళ్లెం లేదు, చుట్టూ తిరగడం లేదు. మర్నాడు పొద్దున తిరపతమ్మకి జ్వరం తగిలింది. బయట ఒకటే మంచు.

"పడుకో, మందులు తెస్తా. నీకు చలెయ్యకుండా అక్కణ్ణించే చూసుకుంటాగా" అని ఫోన్ ఊపి చూపించి, నాంచారయ్య బజారుకి నడిచిపోయాడు. ఆమె నవ్వి దుప్పటి లాక్కుంది.

కాసేపటికి హీటర్ రొద మారింది. పాతకాపుని, నాకు తెలియదా! గొట్టం మూతికి మంచు అడ్డంపడింది. పొగ వెనక్కి తన్ని లోపలికే వస్తోంది. అందులో కంటికి కనపడని విషం ఉంటుంది. గోడ మీది పలకకి వేడి సంగతి తప్ప ఏమీ పట్టదు. ఒట్టేసి చెబుతున్నాను, దాని చోట నేనున్నా హీటర్‌ని ఆపగలిగేదాన్ని కాను. కానీ నేనుంటే ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. బజార్లో చలికి వణుకుతున్న నాంచారయ్యకి పెళ్లాం గుర్తొచ్చినట్టుంది, ఫోన్లో వేడి పెంచాడు. హీటర్ జోరందుకుంది. ఇంకాసేపటికి మళ్లీ పెంచాడు. "లే తల్లీ, తలుపు తియ్యి" అని సొరుగులో మొత్తుకున్నాను. నాలాంటి డబ్బాకి గొంతెక్కడిది?

ఆయన వచ్చేసరికి ఆమె ఊపిరి ఆగిపోయింది.

"అబ్బ, ఉక్క!" అంటూ ఆయన కిటికీలు తెరిచి, హీటర్ ఆపి, మందుల సంచీ పక్కన పెట్టి మంచం మీద కూర్చున్నాడు. ఆ విషపు పొగకి ఆమె ముఖం ఎర్రగా, కళగా ఉంది. చెయ్యి పట్టుకు చూశాడు. నిద్ర చెడగొట్టకూడదని గొంతు తగ్గించి సుభానికి ఫోన్ చేశాడు.

"ఒరే సుభానీ, నీ పుణ్యమా అని ఇన్నేళ్లకి మీ పిన్ని వేళ్లు వెచ్చబడ్డాయిరా. హాయిగా నిద్రపోతంది."