హైమ పేరంటం

శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి కృష్ణకుమారి అంట్లు తోమి, బట్టలు ఆరేసి, వేడి బెల్లం పాకంలో బొరుగులు పోసి ఉండలు చుట్టేది. చేతులు కాలేవి. అయినా ఆపేది కాదు. ఉండలు లేకపోతే ఆ వీధి పిల్లలు ఒక్కరూ హైమతో ఆడటానికి రారు. హైమకి ఏడేళ్ళు. మనిషి మొహంలోకి చూడదు, పిలిస్తే పలకదు, గంటల తరబడి తలుపు గొళ్ళెం ఊపుతూ కూర్చుంటుంది. "మందుల్లేవమ్మా, పిల్లల్లో కలపండి" అన్నాడు గుంటూరు డాక్టరు. చెప్పడం ఆయన వంతు, కలపడం తల్లి వంతు. తండ్రి అమరేశ్వరరావుకి నరసరావుపేట బజారులో ఎరువుల కొట్టుందిగా మరి! "ఇల్లు గాలికొదిలి బడి పెట్టావేందే?" అని అడగడానికి మాత్రం తీరిక దొరికేది.

అయిదుగురు ఆడపిల్లలతో అరుగు మీద బొమ్మల పెళ్ళి. వంతులవారీగా ఒకరినొకరు పేరంటానికి పిలవాలి. ఎదుటి మనిషి మొహం చూడాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, "మా ఇంటికి రండి" అనాలి. ఆ మూడు మాటలకీ హైమకి ఏడు నెలలు పట్టింది.

ఆ శుక్రవారం తనంతట తనే భరిణె పట్టుకుని లేచింది. పిల్లలందరికీ బొట్టు పెట్టింది. అక్కడితో ఆగక లోపలికెళ్ళి, పడక్కుర్చీలో కునుకు తీస్తున్న నాయనమ్మ కోటేశ్వరమ్మని తట్టి లేపి, మొహంలోకి సూటిగా చూసి, పదేళ్ళుగా బోసిగా ఉన్న ఆ నుదుట బొట్టు పెట్టి, "మా ఇంటికి రండి" అంది. వెనకే వచ్చిన కృష్ణకుమారికి సంతోషంతో ఏడుపొచ్చింది.

"మొగుడు పోయినదాన్ని, నాకు బొట్టేందే! పిల్లతో నన్ను ఎగతాళి చేయిస్తన్నావా?" అంటూ అత్తగారు హైమ చెంప ఛెళ్ళుమనిపించింది. నుదురు కందిపోయేదాకా కొంగుతో తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆవిడా ఏడ్చింది.

పై శుక్రవారం ఉండలున్నాయి, పిల్లలు రాలేదు. అపశకునం పిల్ల అన్నారట వాళ్ళ తల్లులు. హైమ మళ్ళీ గొళ్ళెం దగ్గరికి చేరింది. ఏడు నెలల కష్టం ఒక్క చెంపదెబ్బకి పోయింది.

"నేర్పేదేందో సరిగ్గా నేర్పొద్దా? ఎవరికి పెట్టగూడదో ముందు అది చెప్పు" అన్నాడు భర్త.

చెప్పాలనే కూతురి పక్కన కూర్చుంది కృష్ణకుమారి. పదేళ్ళలో అత్తగారిని ఏ పేరంటానికీ ఎవరూ పిలవలేదు. ఒకే వంటింట్లో తిరుగుతూ అది తనకి ఇన్నాళ్ళూ తట్టలేదు, ఇప్పుడు తట్టింది. హైమని వెంటబెట్టుకొస్తుందేమోనని వీధివాళ్ళు తనకీ పిలుపులు మానేసి నాలుగేళ్ళయింది.

"ఎవర్నీ వదలొద్దు తల్లీ. అందర్నీ పిలువు" అంది, భర్తా అత్తా వింటుండగానే. హైమ తలెత్తలేదు.

ఫర్వాలేదు, తను మళ్ళీ మొదటి మాట నుంచి నేర్పడం మొదలుపెడుతుంది. వీధి పిల్లలు రాకపోతే పోనీ, ఎవరూ పిలవని ఆడవాళ్ళు ఈ ఇంట్లోనే ముగ్గురున్నారు.