ఎడమ రెప్ప

“కదలకండి బావా, చెంప మీదికి కారిపోతుంది” అంటూ ఆమె ఆయన గడ్డం పైకెత్తి పట్టుకుని, కుడి కంట్లో ఒక చుక్క, ఎడమ కంట్లో ఒక చుక్క వేసింది. మందు వేశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆ రెండు నిమిషాలూ ఆయన కళ్ళు మూతపడతాయి గానీ నోరు మూతపడదు.

“మీ అక్క వచ్చేది ఇవాళేనా?”

“ఇవాళే. చివరి సీను.”

“మీ కొత్తల్లుడు మళ్ళీ రెండు రెప్పలూ కలిపి దించేశాడేమో చూసుకో.”

“చూస్తాను. చూసి సాయంత్రం చెప్తాను. మీరు మాత్రం స్టవ్ దగ్గరికి వెళ్ళకండి. భోజనం బల్ల మీదే మూతపెట్టి ఉంచాను.”

“కళ్ళు కనపడకపోతేనేం, ముక్కు బాగానే పనిచేస్తోంది. దొరకబుచ్చుకుంటాలే.”

అక్క పోయి ఆరేళ్ళయింది. వచ్చేదల్లా బొమ్మల సినిమాలో ఒక మరమనిషి రెప్పపాటు. అది అక్క రెప్పపాటని లోకంలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ ఈ రెండు గదుల ఇంట్లోనే ఉన్నారు.

అక్క బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. బావ అక్కడే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. చెల్లెల్ని కూడా తెచ్చుకుంటేనే పెళ్ళి అని అక్క షరతు పెట్టింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బావ నలభై ఏళ్ళుగా అదే జోకు వేస్తున్నాడు, ఆమె నలభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎవరి మాటకీ ఎదురు చెప్పలేదు. బడికి వెళ్ళమంటే వెళ్ళింది, బొమ్మలు బాగా వేస్తావు కదా స్టూడియోలో చేరమంటే చేరింది. పెళ్ళిమాట రెండు మూడుసార్లు వచ్చి దానంతటదే పోయింది. ఆమె దాన్ని రమ్మని పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

స్టూడియోలో ఆమె పని నడిమి బొమ్మలు వేయడం. పెద్ద చిత్రకారుడు చెయ్యి కిందికి ఉన్న బొమ్మ ఒకటి, పైకెత్తిన బొమ్మ ఒకటి వేసి ఇస్తాడు. తెర మీద ఆ చెయ్యి లేవాలంటే రెంటికీ మధ్య పదో పదిహేనో బొమ్మలు కావాలి. అవి ఆమె వేస్తుంది. వాటిని ఎవరూ విడిగా చూడరు. చూశారంటే ఆమె సరిగ్గా వేయలేదన్నమాట. ఇరవై ఏడేళ్ళు అదే పని. పెన్సిలు ఒరుసుకుని ఒరుసుకుని మధ్యవేలి మీద శనగగింజంత కాయ కాసింది, కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. ఎక్కువగా కళ్ళే ఆమెకి అప్పగించేవాళ్ళు కాబట్టి అందరూ రెప్పలమ్మ అని పిలిచేవాళ్ళు. ముసలమ్మ పేరులా ఉందని మొదట్లో చిన్నబుచ్చుకునేది. ఇప్పుడు వయసు కూడా ఆ పేరుకి సరిపోయింది.

ఒకప్పుడు ఆ హాల్లో నలభై బల్లలు ఉండేవి. ఇప్పుడు ఉన్నది ఒక్కటి. మిగతా చోటంతా గాజు గోడ కట్టి యంత్రాలు పెట్టారు, నడిమి బొమ్మలన్నీ ఇప్పుడు అవే వేస్తున్నాయి. వాటికి వేడి తగలకూడదని రాత్రీ పగలూ చల్లగాలి, దుమ్ము పడకూడదని చెప్పులు బయట విప్పి వెళ్ళడం. “మనకి తిరిగే ఫ్యాను లేదు గానీ కొత్తల్లుడికి మర్యాదలు చూడండి” అని హాలు ఊడ్చే ఆవిడ అన్ననాటి నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది. మనసున్న మరమనిషి కథకి మనసులేని మర బొమ్మలు వేస్తోందంటే అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. నవ్వేవాళ్ళని అప్పటికే ఇళ్ళకి పంపేశారు. ఆమెని ఒక్కదాన్ని దిద్దడానికి ఉంచారు.

ఆ సినిమాలో మరమనిషి పేరు డబ్బా. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతాడు. నోరు లేదు, రెండు గుండ్రటి కళ్ళూ వాటికి రేకు రెప్పలూ ఉన్నాయి, అంతే. మరకి మనసొచ్చిందని చూపించడానికి ఇలాంటి సినిమాల్లో అందరికీ తెలిసిన తంతు ఒకటుంది. కళ్ళలో దీపం కాస్త నీలంగా మారుతుంది, వెనక వయొలిన్ అందుకుంటుంది, కంటి మూల నుంచి నూనె చుక్క జారుతుంది. పదకొండేళ్ళ కిందట, మొదటి సినిమాకి, దర్శకుడు ఇవన్నీ చేసి చూశాడు. డబ్బా డబ్బాలాగే ఉన్నాడు.

అందులో ఒక చోట డబ్బా మరుగుతున్న నీళ్ళలో చేతులు పెట్టి దుప్పట్లు తీస్తుంటే ఒక పిల్ల “నొప్పిగా ఉందా?” అని అడుగుతుంది. డబ్బా లేదని తల ఊపుతాడు. అడగడానికీ ఊపడానికీ మధ్య బొమ్మలు ఆమెకి వచ్చాయి. బల్ల అంచుకి తీగతో కట్టుకున్న చేతి అద్దంలో తన మొహమే చూసుకుంటూ, అబద్ధం చెప్పేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందా అని రోజంతా వెతికింది. ఆమెకి తెలిసిన అబద్ధాలకోరు ఒక్కతే, అక్క.

అక్కకి చిన్నప్పటి జ్వరంలో ఎడమవైపు నరం దెబ్బతింది. కుడి రెప్ప పడ్డాక పిసరంత ఆలస్యంగా ఎడమ రెప్ప పడేది. “తిన్నావా అక్కా?” అంటే ఒక్క క్షణం ఆగి, కుడి రెప్ప పడి, ఆ వెనకే ఎడమది పడి, “ఆఁ, తిన్నా” అనేది. వంటింట్లో గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉండేది.

ఆమె ఆ ఆగడం వేసింది. కుడి రెప్ప ముందు, రెండు బొమ్మల తర్వాత ఎడమ రెప్ప, అప్పుడు తల. దర్శకుడు మూడుసార్లు వేయించుకుని చూసి “ఇప్పుడు వీడు బతికాడు” అన్నాడు. అడగ్గానే జవాబిస్తే మర. ఆగితే లోపలేదో దాచుకుంటున్నాడని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది, దాచుకోవాలంటే లోపలంటూ ఒకటి ఉండాలి కదా. సినిమా చివర పరిగెత్తే పేర్లలో ఆమె పేరు లేదు. సినిమా హాల్లో బావ మాత్రం ముందు రెండు వరసలకి వినపడేలా “అది మీ అక్కే!” అన్నాడు. పక్కనున్న అక్క నోరు మూసుకోమని ఆయన మోచేతి మీద కొట్టింది.

ఆసుపత్రిలో చివరి వారం ఆమె అడిగింది, “నొప్పిగా ఉందా అక్కా?” కుడి రెప్ప పడింది, ఎడమ రెప్ప పడింది. “లేదే” అంది అక్క. ఆ ఆగడం లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, నర్సుని పిలవకుండా, నమ్మినట్టు తల ఊపింది. ఆ సంగతి ఇప్పటికీ బావకి చెప్పలేదు. ఆ తర్వాత రెండో సినిమా వచ్చినప్పుడు బావ కాస్త కనపడే కళ్ళతో నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. ఆమె వెళ్ళలేదు. ఎడమ రెప్పని పిసరంత ఆపి పట్టుకుంటే బల్ల మీది అద్దంలోనే అక్క వచ్చేది.

ఈ మూడో సినిమాకి కొత్తల్లుడు వచ్చాడు. రెండు రెప్పలూ ఒకేసారి దించేవాడు, అడగ్గానే తల ఊపేవాడు. బావకి చెబితే నవ్వాడు. “మిషను ఆలోచించదు మరదలా. నడుస్తూ నడుస్తూ ఆగిందంటే బెల్టు వదులైందన్నమాట. నేనైతే అప్పటికప్పుడు బిగించేసేవాణ్ణి” అన్నాడు. ఎనిమిది నెలలు ఆమె ప్రతి సీనులోనూ ఎడమ రెప్ప చుట్టూ ఎర్రగా సున్న చుట్టి, ఆలస్యంగా పడాలి అని రాసింది. దిద్దిన ప్రతిసారీ అది నేర్చుకుంటుంది, అదీ దాని పద్ధతి. ఐదు రోజులు వరసగా దిద్దుబాటు కాగితం ఖాళీగా వెళితే ఇక దిద్దే మనిషి అక్కర్లేదని ఆమెకిచ్చిన ఉత్తరంలో ఉంది. నాలుగు రోజులు ఖాళీగా వెళ్ళాయి. ఇవాళ ఐదోది.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని సీను తెరిచింది. పెద్దదైపోయిన ఆ పిల్ల డబ్బా మీట దగ్గర నిలబడి ఉంది, మీట కిందికి లాగితే వాడిక లేడు. “నొప్పిగా ఉంటుందా?” అని అడిగింది. ఆమె ఒక్కొక్క బొమ్మే తిప్పింది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, డబ్బా ఆగి ఉన్నాడు. ముప్పై ఆరులో కుడి రెప్ప పడింది. ముప్పై ఎనిమిదిలో ఎడమ రెప్ప. పడ్డాక సగం తెరుచుకుని, ఎదుటి మనిషి నమ్మిందా లేదా అని చూసినట్టు చూసి, అప్పుడు తల ఊపాడు. ఆ సగం తెరవడం ఆమె ఎప్పుడూ వేయలేదు, ఎప్పుడూ దిద్ది చెప్పలేదు. అక్క మాత్రం అలాగే చూసేది. యంత్రాల గాజు గోడ వైపు చూస్తే అక్కడ పచ్చ దీపాలు మామూలుగానే మినుకుతున్నాయి.

తొంభై ఆరు బొమ్మలూ రెండుసార్లు చూసింది. తప్పు లేదు. చెయ్యి వంపు, నీడ, దుప్పటి మడత, దేనికీ వంక పెట్టడానికి లేదు. ఎవరైనా నమ్మే తప్పు ఒక్కటే ఉంది, ఎడమ రెప్ప. రెండు రెప్పలూ కలిసి పడాలన్నది బొమ్మలు నేర్చుకునే మొదటిరోజు పాఠం. దాని చుట్టూ ఒక్క ఎర్ర సున్న చుడితే కాగితం ఖాళీగా వెళ్ళదు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. కంటి మందుకీ ఇంటికీ ఇంకొన్నాళ్ళు బెంగ ఉండదు. కానీ సాయంత్రానికల్లా కొత్తల్లుడు ఆ సున్నని కూడా నేర్చుకుని, సినిమా మొత్తంలో రెప్పలన్నీ కలిపేస్తాడు.

ఎర్ర పెన్సిలు తీసుకుంది. రెప్ప మీద చుక్క పెట్టింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ బతికిన మనిషి, మొదటిసారి, చేయాలో వద్దో తెలియక చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత రబ్బరుతో చుక్క తుడిచేసి, కాగితం కింద ‘సరిగ్గా ఉంది’ అని రాసి సంతకం పెట్టింది.

మూడింటికి సూపర్‌వైజరు వచ్చాడు. సున్న గీయడం ఆమె దగ్గరే నేర్చుకున్నవాడు, అందుకే ఆమె మొహం చూడకుండా సంతకం వైపు చూస్తూ మాట్లాడాడు.

“అయిపోయింది కదా మేడమ్. ఇప్పుడైతే చెప్పొచ్చు. ఆ ఎడమ కన్ను మార్చేస్తున్నారు.”

“ఎందుకు?”

“ఆటబొమ్మలు చేసేవాళ్ళు అడిగారు. బొమ్మలో రెండు రెప్పలకీ ఒకటే కడ్డీ ఉంటుందట, వేరేవేరుగా పడటం కుదరదట. పైవాళ్ళు కూడా లోపంలా కనిపిస్తోందన్నారు. పాత రెండు సినిమాలు మళ్ళీ విడుదల చేస్తున్నారు, వాటిలోనూ సరిచేస్తారు. ఒక్క పూట పని దానికి.”

“మరి నాకు ముందే చెప్పాల్సింది కదా. దిద్దుబాటులో రాసేదాన్ని.”

“ఇది దిద్దుబాటు కాదు మేడమ్, మార్పు. మీ లెక్కలోకి రాదు.” కాగితం తీసి మడిచాడు. “మీకు బాధగా ఉంటుందని చెప్పలేదు.”

“బాధేముందిలే బాబూ, పనే కదా” అంది ఆమె.

సంచిలో కళ్ళజోడు పెట్టె, టిఫిన్ డబ్బా, అరిగిపోయిన మూడు పెన్సిళ్ళు సర్దుకుంది. అద్దం విప్పబోయి తీగ మెలిక మీద వేళ్ళు పెట్టి ఆగింది. దాని వెనక కంపెనీ నంబరు చీటీ ఉంది. రెండేళ్ళ కిందట సామాన్ల జాబితా రాసినవాళ్ళు బల్లకి, కుర్చీకి అంటించినట్టే దానికీ అంటించి వెళ్ళారు. ఇది నేను కొనుక్కున్నదని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు గేటు దగ్గర చెప్పాల్సి వస్తుంది. ఆమె తీగని అలాగే వదిలేసింది. ఊడ్చే ఆవిడ తలుపు దాకా వచ్చి “రేపు వస్తారుగా?” అంది అలవాటుకొద్దీ. ఆమె నవ్వి మెట్లు దిగింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. బావ కుర్చీలో తల వెనక్కి వాల్చి సాయంత్రం మందుకి సిద్ధంగా ఉన్నాడు. గడ్డం పైకెత్తి కుడి కంట్లో ఒక చుక్క, ఎడమ కంట్లో ఒక చుక్క వేసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఏం మరదలా, వచ్చిందా మీ అక్క? ఎడమ రెప్ప సరిగ్గా పడిందా?”

ఆమె ఒక్క క్షణం ఆగింది. 

“ఆఁ, పడింది బావా. అచ్చం అక్కలాగే.”

“సినిమా రానీ, ముందు వరసలో కూర్చుందాం. ఆ ఒక్కటీ కనపడితే చాలు నాకు” అన్నాడు ఆయన, మూసిన కళ్ళతోనే నవ్వుతూ.

ఆ పాటికి హాల్లో ఆమె బల్ల మీది దీపం తీసేశారు. బల్ల అంచుకి తీగతో కట్టిన అద్దం మాత్రం, వీపు మీద నంబరు చీటీతో, కూర్చున్న మనిషి మొహం ఎత్తుకి వంచినది వంచినట్టే ఉంది.