అక్క బుగ్గ కణాలు

అయిదు నెలలుగా ల్యాబులో ఆ చిన్న గాజు డిష్షు ముందు కూర్చుని నా ఓపిక అడుగంటింది. అందులో ఉన్నది మా అక్క బుగ్గ లోపలి పొర. గోరంత ముక్క తీయించి, దాని కణాలను నేనే పెంచాను. వాటి మీద వదిలింది కూడా ఆమె రక్తంలోని తెల్ల కణాలనే. అక్క జబ్బే అది. సొంత తెల్ల కణాలే నోటి పొరను శత్రువనుకుని కొరికేస్తాయి, నోరంతా పుండ్లు. ఆ కొరుకుడు డిష్షులో జరిగితే తప్ప దాన్ని ఆపే మందును పరీక్షించలేను.

జరగలేదు. తొమ్మిదిసార్లు వదిలితే తొమ్మిదిసార్లూ అవి కొత్త అల్లుళ్లలా బుద్ధిగా కూర్చున్నాయి. కణాలకు పోసే ద్రవం మార్చాను, వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ మార్చాను. వచ్చే నెలాఖరుకి ఈ పని కట్టిపెట్టమని మా ప్రొఫెసరు చెప్పేశారు.

అక్కను ఇంట్లో రేడియో అంటాం. రక్తమివ్వడానికి వచ్చినప్పుడల్లా ల్యాబంతా కలియతిరిగి, టెక్నీషియన్ పిల్లల చదువుల దాకా ఆరా తీసి వెళ్లేది. పదోసారి సూది గుచ్చుతూ ఆ వాగుడు వింటుంటే నా మట్టిబుర్రకు అప్పుడు తట్టింది. ఇంట్లో మంచినీళ్లే మింగలేని మనిషి ఇక్కడ ఇంత ఎలా మాట్లాడుతోంది?

అడిగితే తల దించుకుంది. వచ్చే ముందు నాలుగు రోజులు పాత స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటోందట.

"మీవాళ్లందరి ముందూ మూగదానిలా కూర్చోమంటావేంటే?" అంది.

ఆ మాత్రలు పుండ్లతోపాటు తెల్ల కణాలనూ జోకొట్టాయన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. అయిదు నెలల చాకిరీ నీళ్లపాలు చేశావని నలుగురిలో అరిచేశాను. మాత్రలు మానేసి రమ్మనే మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మానితే ఎంత నరకమో రోజూ చూస్తున్నదాన్నే కదా.

మూడు వారాల తర్వాత అక్క తనంతట తానే వచ్చింది. పెదవులు వాచి ఉన్నాయి. టెక్నీషియన్ పలకరిస్తే తల మాత్రం ఊపి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

మర్నాడు మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూశాను. తెల్ల కణాలు గుంపులుగా మూగి ఉన్నాయి, పొరంతా చిల్లులు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. సంతోషం మాత్రం రాలేదు.

అక్కకు ఫోన్ చేసి, "ఈసారి కొరికాయక్కా" అన్నాను.

నన్నెప్పుడూ మాట పూర్తిచేయనివ్వని మనిషి. అవతలినుంచి "ఊ" అని మాత్రం వినిపించింది.