మూసిన కీమో గది

బెలార్మినోని లోపలికి రానివ్వలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేసినవాడు, ఊపిరితిత్తుల్లో కేన్సరు. స్పెయిన్‌లోని అస్తూరియస్ లోయలో ఆ ఏప్రిల్ వానకి ఆసుపత్రి గుమ్మం ముందు తడుస్తూ నిలబడ్డాడు.

"కీమో గది మూశారు. మహమ్మారి రోగులకి మంచాలెయ్యాలి. మీకు ఫోనొస్తుంది" అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు.

"ఐదు వారాలనించీ వస్తానే ఉంది" అంది వెనకున్న ఎతెల్వీనా.

ఆవిడ అదే గని మీద బొగ్గు కడిగే షెడ్డులో పనిచేసింది. రొమ్ములో గడ్డ. నాలుగు కీమోలయ్యాయి, ఇంకో నాలుగుండాలి. ఆపిన దగ్గర్నించీ చంకలో ఇంకోటి చేతికి తగులుతోంది.

పదకొండు మంది రోగులు కార్లు ఆపేచోట మీటింగు పెట్టారు. మనిషికీ మనిషికీ రెండు మీటర్లు. రహస్యమంతా అరిచి చెప్పుకోవాల్సొచ్చింది.

"లోపల కూచుందాం! గనిలో కూచున్నట్టు!" అని అరిచాడు బెలార్మినో.

"మెల్లగా అన్నా, ఆ కుర్రాడు వింటున్నాడు!"

"విననీ! తొంభై రెండులో వాడి నాన్న నా పక్కనే కూచున్నాడు!"

కుర్రాడు మొహం తిప్పుకుని పక్కకి జరిగాడు.

ఆ లోయలో సమ్మె అంటే అదే. గని అడుక్కి దిగి కూచోవడం. ఒక్కడు పైకొచ్చినా సమ్మె పోయినట్టే.

పదకొండు మందీ లోపలికెళ్లి చూస్తే కీమో గదిలో ఒక్క మంచం లేదు. కుర్చీల మీద ప్లాస్టిక్ కప్పి ఉంది, అంతే. వాటినే లాగి తలుపుకి అడ్డం పెట్టారు. అద్దం అవతల్నించి ఆసుపత్రి ఆఫీసరన్నాడు, "కూచోండి. ఆ గదితో మాకిప్పుడు పనిలేదు."

రెండోరోజు బెలార్మినోకి జ్వరం. పళ్లు టకటకలాడుతున్నాయి. ఎతెల్వీనా తలుపుకడ్డం ఉన్న కుర్చీ పట్టుకుంది.

"తియ్యొద్దమ్మాయ్. పధ్నాలుగు రోజులు కూచున్నాం అప్పుడు."

"అప్పుడు వాళ్లకి మన బొగ్గు కావాలన్నా. ఇప్పుడు మనం చస్తే వాళ్లకేం ఆగుతుంది?"

అని ఆవిడే కుర్చీలు లాగేసింది. పోలీసులు పేర్లు రాసుకున్నారు, తలుపుకి తాళమేశారు. బెలార్మినోని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. నాలుగోరోజుకి పోయాడు. పట్నంలో, ఒక్కడే.

"సమ్మె పోగొట్టింది నువ్వే" అన్నారు తోటివాళ్లు.

వారం తర్వాత ఎతెల్వీనా పొద్దున్నే వచ్చి ఆ తలుపు ముందు నిలబడింది. రెండు మీటర్ల వెనక, ఆవిణ్ణి తిట్టినవాడే నిలబడ్డాడు. వాడి వెనక కిడ్నీల వాళ్లు, గుండె ఆపరేషను ఆగిపోయినవాళ్లు.

"తెరిచేది లేదని చెప్పాం కదా! ఎందుకొచ్చారు?" అన్నాడు ఆఫీసరు.

"తెరవరని తెలుసు. ఎవరెవరికి తెరవలేదో రోజూ మీ కళ్లతో చూస్తారని వచ్చాం" అంది ఎతెల్వీనా.

తలుపు తెరుచుకోలేదు. లైను గేటు దాటి రోడ్డెక్కింది.